విభక్త చిత్రహక్కులు – సూపర్‌హీరోల సంగమ చిత్రాలు: మార్వెల్ కథాప్రపంచంపై చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికన్ కామిక్ పుస్తకాల్లో ఒకే ఊరిలో, ఒకే కాలంలో కలిసి జీవించిన మార్వెల్ పాత్రలు వెండితెర మీద దశాబ్దాలపాటు ఒకరినొకరు ఎరుగని అపరిచితులుగా మిగిలిపోయాయి. పాత్రల చిత్రహక్కులు 1985 నుంచి వేర్వేరు నిర్మాణ సంస్థల చేతుల్లోకి వెళ్లడమే దీనికి ప్రధాన కారణం. ఈ విభజన ఎలా జరిగింది, పాత్రల కలయికను ఎలా నిరోధించింది, కథను, సంభాషణను, పాత్రచిత్రణను ఎలా మలిచింది, చివరకు ఏయే మార్గాల్లో ఆ సరిహద్దులు చెరిగాయి అనే అంశాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. హక్కుల ఒప్పందం కథకు వెలుపలి విషయం కాదని, కథానిర్మాణాన్ని శాసించే అంతర్గత శక్తి అని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: చిత్రహక్కులు, లైసెన్సు, మార్వెల్, సంగమ చిత్రం, ఉమ్మడి కథాప్రపంచం, స్పైడర్‌మాన్, ఎక్స్‌మెన్, కాపీరైట్, అనుసృజన.

1. ఉపోద్ఘాతం:
ఒక కథలోని పాత్ర మరొక కథలోకి నడిచి రావడం భారతీయ పాఠకునికి కొత్త విషయం కాదు. అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పం కోసం బయలుదేరిన భీమునికి దారిలో హనుమంతుడు ఎదురవుతాడు. త్రేతాయుగపు పాత్ర ద్వాపరయుగపు కథలో అడుగుపెట్టడానికి కవి ఎవరి అనుమతీ కోరవలసిన అవసరం లేదు. హనుమంతుడు ఎవరి సొత్తూ కాడు. అందువల్లనే ఆ ఘట్టంలో పాఠకుడు చూసేది అన్నదమ్ముల సమాగమాన్ని, భీముని గర్వభంగాన్ని మాత్రమే. ఆ కలయికకు ముందు ఏదైనా ఒప్పందం కుదిరిందా అన్న ప్రశ్నే తలెత్తదు.

ఆధునిక సూపర్‌హీరో పాత్రల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. వాటికి సృష్టికర్తలు ఉన్నారు, యజమానులు ఉన్నారు, ఆ యజమానుల నుంచి పరిమిత హక్కులు పొందిన లైసెన్సుదారులు ఉన్నారు. పుస్తకం ముద్రించే హక్కు ఒకరిది, సినిమా తీసే హక్కు మరొకరిది, దానిని పంపిణీ చేసే హక్కు వేరొకరిది, బొమ్మలు అమ్మే హక్కు ఇంకొకరిది కావచ్చు. ఇలా ఒకే పాత్రపై, లేదా ఒకే కథాప్రపంచంలోని వేర్వేరు పాత్రలపై హక్కులు వేర్వేరు సంస్థల మధ్య చీలి ఉండటాన్ని ఈ వ్యాసం 'విభక్త హక్కులు' అని వ్యవహరిస్తుంది. వేర్వేరు కథలకు చెందిన నాయకులు ఒకే కథలో కలిసే చిత్రాన్ని 'సంగమ చిత్రం' అంటుంది. విభక్త హక్కుల ప్రభావం అత్యంత స్పష్టంగా కనిపించే చరిత్ర మార్వెల్ సంస్థది.

2. ముద్రణలో ఏకత్వం (1940–1965):
1939లో మార్టిన్ గుడ్‌మాన్ ప్రారంభించిన టైమ్లీ అనే ప్రచురణ సంస్థ క్రమంగా మార్వెల్‌గా రూపాంతరం చెందింది. 1940లోనే ఆ సంస్థ ప్రచురణల్లో జలచరుడైన సబ్‌మారినర్, అగ్నిరూపుడైన హ్యూమన్ టార్చ్ ఒకరితో ఒకరు తలపడ్డారు. అయితే పాత్రల కలయిక ఒక నిర్మాణ సూత్రంగా స్థిరపడింది 1960లలోనే. స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి 1961లో 'ఫెంటాస్టిక్ ఫోర్'ను రూపొందించారు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో స్పైడర్‌మాన్‌ను సృష్టించారు. 1963 మార్చి తేదీతో వెలువడిన 'అమేజింగ్ స్పైడర్‌మాన్' మొదటి సంచికలోనే ఆ యువకుడు ఫెంటాస్టిక్ ఫోర్ బృందాన్ని కలుస్తాడు. అదే ఏడాది సెప్టెంబరు తేదీతో 'ఎక్స్‌మెన్', 'అవెంజర్స్' అనే రెండు పత్రికల తొలి సంచికలు ఒకేసారి వచ్చాయి.

ఈ కథలన్నిటికీ న్యూయార్క్ నగరమే ప్రధాన రంగస్థలం. ఒక పత్రికలో కూలిన భవనం మరో పత్రికలో ప్రస్తావనకు రావచ్చు. ఒక కథలోని ప్రతినాయకుడు మరో కథలో నాయకుడిగా మారవచ్చు. దీనికి ఉత్తమ నిదర్శనం క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్ అనే కవలలు. వీరు 1964 మార్చి తేదీ గల 'ఎక్స్‌మెన్' 4వ సంచికలో మ్యాగ్నెటో అనుచరులుగా ప్రవేశించి, 1965 మే తేదీ గల 'అవెంజర్స్' 16వ సంచికలో అవెంజర్స్ బృందంలో చేరారు. రెండు పత్రికలకూ యజమాని ఒక్కరే కావడం వల్ల ఈ ప్రయాణానికి అడ్డు లేకపోయింది. యాభై ఏళ్ల తరువాత ఈ కవలలే హక్కుల సరిహద్దు మీద నిలబడవలసి వచ్చింది.

3. హక్కుల విభజన (1985–1999):
ముద్రణలో ఏకత్వం సాధించిన సంస్థ సినిమా విషయంలో ఆ ఏకత్వాన్ని నిలుపుకోలేకపోయింది. సినిమా నిర్మాణానికి అవసరమైన మూలధనం మార్వెల్ వద్ద లేదు. పాత్రలను విడివిడిగా లైసెన్సుకు ఇవ్వడమే దానికి అందుబాటులో ఉన్న మార్గం. 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. రోనాల్డ్ పెరెల్మాన్, కార్ల్ ఐకాన్ వంటి పెట్టుబడిదారుల మధ్య పోరు తరువాత, 1998లో ఆ సంస్థ టాయ్ బిజ్ అనే బొమ్మల కంపెనీతో కలిసి బయటపడింది. అప్పుల్లో ఉన్న కుటుంబం పొలాన్ని ముక్కలుగా కౌలుకిచ్చినట్లు పాత్రల హక్కులు చేతులు మారిన కాలమిది.

3.1 స్పైడర్‌మాన్:
1985లో కానన్ ఫిల్మ్స్ అధిపతులు మెనాహెమ్ గోలన్, యోరమ్ గ్లోబస్ స్పైడర్‌మాన్ చిత్రహక్కులను 2,25,000 డాలర్లకు పరిమిత కాలానికి తీసుకున్నారు. కానన్ దెబ్బతిన్నాక గోలన్ ఆ హక్కును తన కొత్త సంస్థకు తీసుకువెళ్లాడు. 1990లో కరోల్కో సంస్థ 50 లక్షల డాలర్లకు దానిని పొందింది. దర్శకుడు జేమ్స్ కామెరాన్ కథాపత్రం కూడా రాశాడు. ఈలోగా టెలివిజన్ హక్కు ఒకరికి, వీడియో హక్కు మరొకరికి అమ్ముడుపోయాయి. సంస్థలు ఒక్కొక్కటిగా దివాలా తీయడంతో వాటి వారసత్వంపై కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. ప్రపంచప్రసిద్ధమైన ఒక పాత్రపై పదిహేనేళ్లకు పైగా ఒక్క భారీ చిత్రమూ రాకపోవడానికి కారణం కథ లేకపోవడం కాదు. హక్కు ఎవరిదో తేలకపోవడం.

1999లో సోనీ ఈ హక్కును సంపాదించింది. అదే సంవత్సరం సోనీ, ఎంజీఎం మధ్య కుదిరిన రాజీలో సోనీ జేమ్స్ బాండ్ చిత్రాలపై తన వాదాన్ని వదులుకోగా, ఎంజీఎం స్పైడర్‌మాన్‌పై తన వాదాన్ని విడిచిపెట్టింది. పాత్రికేయుడు బెన్ ఫ్రిట్జ్ 2018లో వెలువరించిన గ్రంథంలో నమోదు చేసిన ప్రకారం, ఆ చర్చల్లో మార్వెల్ తన పాత్రలలో దాదాపు అన్నిటినీ రెండున్నర కోట్ల డాలర్లకు ఇవ్వజూపింది. సోనీ స్పైడర్‌మాన్ ఒక్కడు చాలునంది. శామ్ రైమీ దర్శకత్వంలో 2002లో వచ్చిన 'స్పైడర్‌మాన్' ప్రపంచవ్యాప్తంగా 82 కోట్ల డాలర్లు రాబట్టింది.

3.2 ఫెంటాస్టిక్ ఫోర్:
ఈ బృందం హక్కులను 1986లో జర్మన్ నిర్మాత బెర్న్‌డ్ ఐషింగర్ పొందాడు. 1992 డిసెంబరు 31లోగా నిర్మాణం ప్రారంభించకపోతే హక్కు పోతుంది. ఆ గడువు కాపాడుకోవడానికి రోజర్ కార్మన్‌తో కలిసి సుమారు 10 లక్షల డాలర్ల స్వల్ప వ్యయంతో డిసెంబరు చివరి రోజుల్లో చిత్రీకరణ మొదలుపెట్టారు. ఆ చిత్రం అధికారికంగా ఎన్నడూ విడుదల కాలేదు. అందులో నటించినవారికి, దర్శకునికి అది ఒక కళాకృతి. హక్కుదారునికి మాత్రం గడువును దాటించే సాధనం. ప్రేక్షకుల కోసం కాక ఒప్పందం కోసం తయారైన సినిమాగా అది చరిత్రలో నిలిచింది. తరువాత ట్వెంటియెత్ సెంచరీ ఫాక్స్ ద్వారా 2005, 2007, 2015 సంవత్సరాల్లో ఈ బృందంపై చిత్రాలు వచ్చాయి.

3.3 ఇతర పాత్రలు:
ఎక్స్‌మెన్ హక్కులు 1990ల తొలి భాగంలో ఫాక్స్‌కు చేరాయి. 2000లో బ్రయన్ సింగర్ దర్శకత్వంలో తొలి చిత్రం విడుదలైంది. 'బ్లేడ్' (1998) న్యూ లైన్ ద్వారా, 'హల్క్' (2003) యూనివర్సల్ ద్వారా, 'డేర్‌డెవిల్' (2003) ఫాక్స్ ద్వారా, 'పనిషర్' (2004) లయన్స్‌గేట్ ద్వారా, 'గోస్ట్ రైడర్' (2007) సోనీ ద్వారా తెరకెక్కాయి. ఈ విభజన ఎంత కఠినమైనదంటే, 2001లో మార్వెల్ 'మ్యూటెంట్ ఎక్స్' అనే టెలివిజన్ ధారావాహికను ప్రారంభించినప్పుడు, అది తమ ఎక్స్‌మెన్ హక్కులకు భంగకరమని ఫాక్స్ సాక్షాత్తు మార్వెల్ పైనే దావా వేసింది. పాత్రను సృష్టించిన ఇల్లే ఆ పాత్రకు పరాయిదైన స్థితికి ఇది నిదర్శనం.

4. మిగిలిన పాత్రలతో ప్రపంచ నిర్మాణం (2005–2012):
2005లో మార్వెల్ తన విధానాన్ని మార్చుకున్నది. డేవిడ్ మైసెల్ ప్రణాళిక మేరకు మెరిల్ లించ్ సంస్థతో 52.5 కోట్ల డాలర్ల రుణ సదుపాయం ఏర్పాటు చేసుకొని, స్వయంగా చిత్రాలు నిర్మించడానికి పూనుకున్నది. తాకట్టు పెట్టినవి 10 కథల చిత్రహక్కులు: కెప్టెన్ అమెరికా, అవెంజర్స్, నిక్ ఫ్యూరీ, బ్లాక్ పాంథర్, యాంట్‌మాన్, క్లోక్ అండ్ డాగర్, డాక్టర్ స్ట్రేంజ్, హాకై, పవర్ ప్యాక్, షాంగ్-చీ. ఈ జాబితా పరిశీలించదగినది. ఇందులో స్పైడర్‌మాన్ లేడు, ఎక్స్‌మెన్ లేరు, ఫెంటాస్టిక్ ఫోర్ లేరు. ప్రజాదరణలో మొదటి వరుసలో ఉన్నవారంతా అప్పటికే బయటివారి అధీనంలో ఉన్నారు.

అదే ఏడాది ఐరన్‌మాన్ హక్కులు న్యూ లైన్ నుంచి తిరిగివచ్చాయి. 2008 మేలో విడుదలైన 'ఐరన్‌మాన్' సుమారు 58.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఆ చిత్రం చివర నిక్ ఫ్యూరీ ప్రత్యక్షమై అవెంజర్స్ ప్రస్తావన తేవడంతో ఉమ్మడి కథాప్రపంచానికి నాంది పడింది. ఈ సన్నివేశానికి మరొక రూపాన్ని కూడా చిత్రీకరించారు. 2019 శాటర్న్ పురస్కార సభలో నిర్మాత కెవిన్ ఫైగీ దానిని ప్రదర్శించాడు. అందులో ఫ్యూరీ సంభాషణలో స్పైడర్‌మాన్‌ను, హల్క్‌ను, మ్యూటెంట్లను స్ఫురింపజేసే మాటలున్నాయి. విడుదలైన ప్రతిలో అవి లేవు. సాహిత్య పరిశోధకులు ఒక కావ్యపు పాఠాంతరాలను పోల్చినట్లు ఈ రెండు రూపాలను పోల్చవచ్చు. కలలోని కథాప్రపంచానికి, చేతిలో ఉన్న కథాప్రపంచానికి గల తేడా ఆ కొద్దిపాటి సంభాషణలో కనిపిస్తుంది.

2009 ఆగస్టు 31న డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనుగోలు చేయనున్నట్లు ప్రకటించింది. 2012లో 'ది అవెంజర్స్' 150 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. సంగమ చిత్రం వాణిజ్యపరంగా ఎంత శక్తిమంతమైనదో ఈ విజయం చాటింది. విభక్త హక్కులు ఇక్కడ నిరోధకంగానే కాక ప్రేరకంగానూ పనిచేశాయన్నది గమనార్హం. స్పైడర్‌మాన్ చేతిలో ఉంటే ఐరన్‌మాన్‌ను కేంద్రంగా నిలపవలసిన అవసరం మార్వెల్‌కు అంత బలంగా కలిగేది కాదు. ద్వితీయ శ్రేణి పాత్రలు ఒంటరిగా నిలవలేవన్న అనుమానమే వాటిని గుంపుగా నడిపించింది.

5. కథలోకి చొచ్చుకువచ్చిన సరిహద్దు:
హక్కుల విభజన పాత్రల రాకపోకలను ఆపడంతో ఆగలేదు. ఏ మాట పలకాలి, ఏ పుట్టుక చెప్పాలి అన్న స్థాయికి దిగివచ్చింది. ఇందుకు రెండు ఉదాహరణలు సవివరంగా పరిశీలించదగినవి.

5.1 రెండిళ్ల కవలలు:
క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్ పుట్టుకరీత్యా ఎక్స్‌మెన్ కథకు, సభ్యత్వరీత్యా అవెంజర్స్ కథకు చెందినవారు. కాబట్టి రెండు సంస్థలూ వారిని వాడుకోగలిగాయి. అయితే ఫాక్స్ అవెంజర్స్ పేరెత్తరాదు. మార్వెల్ మ్యూటెంట్ అన్న మాట వాడరాదు, మ్యాగ్నెటోతో బంధుత్వం చెప్పరాదు. ఫలితంగా 2014లో ఫాక్స్ తీసిన 'ఎక్స్‌మెన్: డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్'లో ఇవాన్ పీటర్స్ ధరించిన క్విక్‌సిల్వర్ కనిపించాడు. 2015లో మార్వెల్ తీసిన 'అవెంజర్స్: ఏజ్ ఆఫ్ అల్ట్రాన్'లో ఆరన్ టేలర్-జాన్సన్ ధరించిన మరో క్విక్‌సిల్వర్ కనిపించాడు. మొదటివాడు మ్యాగ్నెటోతో తన తల్లికి గల పరిచయాన్ని సూచిస్తాడు. రెండవవాడు యుద్ధంలో తల్లిదండ్రులను కోల్పోయి, ఒక రహస్య సంస్థ చేసిన ప్రయోగాల వల్ల శక్తులు పొందినవాడు.

పుట్టుకతో వచ్చిన శక్తి ప్రయోగంతో వచ్చిన శక్తిగా మారడం చిన్న మార్పు కాదు. మూలంలో మ్యూటెంట్ అనే భావన జన్మకారణంగా ఎదురయ్యే వివక్షకు ప్రతీకగా ఎదిగింది. ఆ మాటతోపాటు ఆ ప్రతీక కూడా మార్వెల్ చిత్రాల నుంచి వెలి అయింది. దాని స్థానంలో ఆయుధ వ్యాపారం, యుద్ధబాధితుల ఆగ్రహం అనే కొత్త ఇతివృత్తం ప్రవేశించింది. ఒక పదంపై నిషేధం ఒక సామాజికార్థాన్ని తొలగించి మరొక సామాజికార్థాన్ని తెచ్చిపెట్టిందన్నమాట. డిస్నీ, ఫాక్స్ ఒకటైన తరువాత, 2022లో 'మిస్ మార్వెల్' ధారావాహిక చివరి భాగంలో మాత్రమే ఈ కథాప్రపంచంలోని ఒక కథానాయికను ఉద్దేశించి మ్యూటేషన్ అన్న ప్రస్తావన వినిపించింది.

5.2 సాలీడు లేని వెనమ్:
కామిక్స్‌లో వెనమ్ పాత్ర స్పైడర్‌మాన్ నీడ. 1984–85లో వెలువడిన 'సీక్రెట్ వార్స్'లో స్పైడర్‌మాన్ ధరించిన నల్లని దుస్తులు నిజానికి ఒక పరాన్నజీవి. అతడు విసర్జించిన ఆ జీవి ఎడ్డీ బ్రాక్ అనే పాత్రికేయుణ్ణి ఆశ్రయించడంతో 1988లో వెనమ్ సంపూర్ణ రూపం దాల్చాడు. ఎదపై ఉన్న సాలీడు గుర్తు ఆ పాత సంబంధానికి జ్ఞాపకం. 2018లో సోనీ నిర్మించిన 'వెనమ్' వచ్చేనాటికి టామ్ హాలండ్ ధరించిన స్పైడర్‌మాన్ మార్వెల్ కథాప్రపంచంలో ఉన్నాడు. సోనీ చిత్రంలో ఆ జీవి అంతరిక్ష నౌక ద్వారా భూమికి చేరుతుంది. ఎద మీద సాలీడు గుర్తు లేదు. నాయకుని పట్ల ద్వేషమే ప్రాణంగా పుట్టిన పాత్ర, నాయకుడు లేని కథలో తానే నాయకుడైంది. ఆ తరువాత వచ్చిన 'మోర్బియస్' (2022), 'మేడమ్ వెబ్' (2024), 'క్రేవెన్ ది హంటర్' (2024) కూడా స్పైడర్‌మాన్ లేని స్పైడర్‌మాన్ ప్రపంచాన్నే చిత్రించాయి.

6. సరిహద్దులు దాటిన మార్గాలు:
విభక్త హక్కుల మధ్య పాత్రల కలయిక నాలుగు మార్గాల్లో సాధ్యమైనట్లు చరిత్ర చెబుతున్నది.

అ) గడువు ముగిసి తిరిగిరావడం: లైసెన్సు ఒప్పందాల్లో నిర్ణీత కాలంలో చిత్రం తీయకపోతే హక్కు మూలసంస్థకు చేరుతుందన్న నిబంధన సాధారణం. డేర్‌డెవిల్ హక్కులు ఇలాగే ఫాక్స్ నుంచి మార్వెల్‌కు మరలి, 2015లో నెట్‌ఫ్లిక్స్ ధారావాహికగా రూపుదిద్దుకున్నాయి. ఈ నిబంధనకు మరో పార్శ్వం ఉంది. హక్కు చేజారకుండా ఉండటానికి, కథ పండినా పండకపోయినా, సంస్థలు చిత్రాలు తీస్తూ పోవలసి వస్తుంది. రైమీ చిత్రత్రయం 2007లో ముగిసిన ఐదేళ్లకే స్పైడర్‌మాన్ కథ మళ్లీ మొదటి నుంచి ప్రారంభం కావడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

ఆ) వస్తుమార్పిడి: 2016లో ఫాక్స్ తీసిన 'డెడ్‌పూల్'లో నెగాసోనిక్ టీనేజ్ వార్‌హెడ్ అనే పాత్ర శక్తులను మార్చడానికి మార్వెల్ సమ్మతి అవసరమైంది. 2017లో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' రెండవ భాగానికి ఈగో అనే సజీవ గ్రహం కావలసి వచ్చింది. దాని హక్కు ఫాక్స్ వద్ద ఉంది. ఇరుపక్షాలూ ఇచ్చిపుచ్చుకున్నాయి. రెండవ చిత్రంలో నాయకుని తండ్రి పాత్రకు ఆధారం ఈ మార్పిడే.

ఇ) ఉమ్మడి ఒప్పందం: 2014లో వచ్చిన 'ది అమేజింగ్ స్పైడర్‌మాన్' రెండవ భాగం అంతకుముందరి నాలుగు చిత్రాల కంటే తక్కువ వసూళ్లు సాధించింది. అదే ఏడాది చివర సోనీ అంతర్గత పత్రాలు సైబర్ దాడిలో బహిర్గతమై, మార్వెల్‌తో జరిగిన చర్చలు లోకానికి తెలిశాయి. 2015 ఫిబ్రవరి 9న ఇరుసంస్థలూ ఒప్పందాన్ని ప్రకటించాయి. స్పైడర్‌మాన్ చిత్రాల పెట్టుబడి, పంపిణీ, యాజమాన్యం సోనీవి. సృజనాత్మక నిర్వహణ మార్వెల్ బృందానిది. ప్రతిఫలంగా స్పైడర్‌మాన్ 'కెప్టెన్ అమెరికా: సివిల్ వార్' (2016)లో, అవెంజర్స్ చిత్రాల్లో కనిపించాడు. 2019 ఆగస్టులో లాభాల పంపకంపై విభేదంతో ఈ బంధం తెగి, సెప్టెంబరు చివరలో మళ్లీ అతికింది. కథలో ఐరన్‌మాన్ మరణానంతరం అతని వారసుడిగా నిలిచిన యువకుడు ఆ కొద్ది వారాలపాటు తన గురువు పేరు కూడా చెప్పుకోలేని స్థితి దాపురించబోయింది.

ఈ) సంస్థల విలీనం: 2019 మార్చి 20న డిస్నీ సుమారు 7,130 కోట్ల డాలర్లకు ఫాక్స్ ఆస్తులలో అధికభాగాన్ని సొంతం చేసుకున్నది. దానితో ఎక్స్‌మెన్, ఫెంటాస్టిక్ ఫోర్ మాతృసంస్థకు చేరాయి.

విభజన పూర్తిగా చెరగని పాత్రలూ ఉన్నాయి. హల్క్ నిర్మాణ హక్కు మార్వెల్‌కు తిరిగివచ్చినా, అతని ఏకనాయక చిత్రాల పంపిణీపై యూనివర్సల్‌కు హక్కు మిగిలింది. ఫలితంగా 2008 నాటి 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' తరువాత హల్క్ ఇతరుల చిత్రాల్లో సహపాత్రగానే సంచరించాడు. విభక్త హక్కు సంగమ చిత్రాన్ని అడ్డుకోవడానికి బదులు పాత్రను సంగమ చిత్రాలకే పరిమితం చేసిన విపర్యయం ఇది.

7. విభజనే ఇతివృత్తమైన వేళ:
2021 డిసెంబరులో విడుదలైన 'స్పైడర్‌మాన్: నో వే హోమ్' 190 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఒక మంత్రం వికటించి, వేర్వేరు విశ్వాల నుంచి పాత ప్రతినాయకులు, టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్ ధరించిన ఇద్దరు పాత స్పైడర్‌మాన్‌లు ఒకచోటికి చేరతారు. వాస్తవంలో అవి మూడు వేర్వేరు నిర్మాణ దశలు. కథలో అవి మూడు విశ్వాలు. 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' (2024) ఇంకొక అడుగు ముందుకు వేసింది. త్యజించిన పాత్రలు చేరే శూన్యలోకంలో ఫాక్స్ సంస్థ చిహ్నం శిథిలమై పడి ఉంటుంది. పాత లైసెన్సుల కాలపు బ్లేడ్, ఎలెక్ట్రా, జానీ స్టార్మ్ అక్కడ ఎదురుపడతారు. బహువిశ్వ భావన కామిక్స్‌లో ముందునుంచీ ఉన్నదే. సినిమాలో మాత్రం అది వ్యాపార చరిత్రలోని అతుకులను కథాసూత్రంగా మార్చే ఉపాయమైంది. ప్రేక్షకుని ఆనందంలో కొంతభాగం, కలవవనుకున్న పాత్రలు కలిశాయన్న ఎరుక నుంచి పుట్టింది. ఆ ఎరుకకు ఆధారం హక్కుల చరిత్రే.

8. ఒక పూర్వపక్షం:
హక్కులన్నీ ఒకరి చేతిలో ఉంటే పాత్రలు సహజంగానే కలుస్తాయన్న వాదం ఇక్కడ తలెత్తవచ్చు. డీసీ సంస్థ చరిత్ర దీనిని సమర్థించదు. సూపర్‌మాన్, బ్యాట్‌మాన్ పాత్రల సంస్థ 1960ల చివరి నుంచే వార్నర్ గొడుగు కింద ఉంది. అయినా వారిద్దరూ ప్రధాన పాత్రలుగా కలిసిన నటసహిత భారీ చిత్రం 2016లో గాని రాలేదు. జార్జ్ మిల్లర్ 2000ల చివరలో తలపెట్టిన జస్టిస్ లీగ్ చిత్రం ఆగిపోయింది. దీనికి భిన్నంగా 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్‌డ్ రోజర్ రాబిట్'లో డిస్నీ వారి మిక్కీ మౌస్, వార్నర్ వారి బగ్స్ బన్నీ తెరపై సమాన కాలం కనిపించాలన్న షరతుతో కలిశారు. కాబట్టి ఏక యాజమాన్యం కలయికకు చాలినది కాదు, తప్పనిసరైనదీ కాదు. సంకల్పం, ప్రణాళిక, బేరసారాలు కూడా అంతే ముఖ్యం.

9. సృష్టికర్త స్థానం – భారతీయ సందర్భం:
ఈ లెక్కలన్నిటిలో సృష్టికర్త ఎక్కడ? జాక్ కర్బీ 1994లో మరణించాడు. అతని వారసులు పాత్రల హక్కులు తిరిగి కోరగా, ఆ రచనలు వేతనానికి చేసినవి కనుక సంస్థవేనని 2013లో అమెరికా అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. వ్యాజ్యం సుప్రీంకోర్టు ముందుకు చేరిన దశలో, 2014లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. సంస్థల మధ్య హక్కులు కోట్ల డాలర్లకు చేతులు మారుతున్న కాలంలోనే, గీసిన చేతికి హక్కు లేదన్న తీర్పు వెలువడటం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం.

తెలుగు పరిశోధకులకు ఈ విషయం దూరమైనది కాదు. భారత కాపీరైట్ చట్టం (1957) 19వ విభాగం ప్రకారం, హక్కు బదిలీ పత్రంలో కాలపరిమితి పేర్కొనకపోతే అది ఐదేళ్లుగాను, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికి పరిమితమైనదిగాను పరిగణిస్తారు. ఒప్పందంలో వేరే విధంగా చెప్పకపోతే, ఏడాదిలోగా వినియోగించని హక్కు బదిలీ రద్దవుతుంది. 2024 జనవరిలో వచ్చిన 'హను-మాన్' చిత్రం ప్రశాంత్ వర్మ ఉమ్మడి కథాప్రపంచంలో తొలి అడుగుగా ప్రకటితమైంది. అక్కడ హనుమంతుడు ఉమ్మడి వారసత్వం. ఆ కథలోని కల్పిత నాయకుడు మాత్రం చట్టం పరిధిలోని సృష్టి. ఉమ్మడి కథాప్రపంచాలు తెలుగులో విస్తరించే కొద్దీ నవలా రచయితలు, కథకులు, చిత్రకథా రచయితలు సంతకం చేసే పత్రాల్లో పాత్రపై హక్కు, కొనసాగింపు హక్కు, కలయిక హక్కు విడివిడిగా నిర్వచితం కావలసి ఉంటుంది.

10. ముగింపు:
పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

1. మార్వెల్ పాత్రల చిత్రహక్కుల విభజన కళాత్మక నిర్ణయం కాదు. మూలధన లోపం, దివాలా స్థితి దానికి కారణాలు.
2. ఈ విభజన సంగమ చిత్రాలను ఆలస్యం చేసింది. అదే సమయంలో ద్వితీయ శ్రేణి పాత్రలను కేంద్రానికి తెచ్చి ఉమ్మడి కథాప్రపంచ నిర్మాణానికి పరోక్షంగా తోడ్పడింది.
3. పదజాలం, పాత్రల పుట్టుక, బంధుత్వాలు, ప్రతీకార్థాలు ఒప్పందాల మేరకు మారాయి. క్విక్‌సిల్వర్, వెనమ్ పాత్రలు ఇందుకు తార్కాణాలు.
4. గడువు నిబంధన, వస్తుమార్పిడి, ఉమ్మడి ఒప్పందం, విలీనం అనే నాలుగు మార్గాల్లో సరిహద్దులు చెరిగాయి. వీటిలో విలీనం సంపూర్ణమైనదే కాని, పోటీని తగ్గించి సృజనను కొద్ది సంస్థల గుప్పిట్లో ఉంచుతుంది.
5. ఏక యాజమాన్యం ఉన్నంత మాత్రాన కలయిక సిద్ధించదని డీసీ చరిత్ర చూపుతున్నది.
6. అనుసృజన అధ్యయనంలో మూలరచనను, చిత్రాన్ని పోల్చి చూడటంతోపాటు, రెండింటి నడుమ నిలిచిన హక్కుపత్రాన్ని కూడా ఒక పాఠ్యంగా చదవడం అవసరం.

సౌగంధిక వనానికి వెళ్లే దారిలో హనుమంతుడు అడ్డంగా చాచిన తోకను భీముడు కదపలేకపోయాడు. ఆ అడ్డంకిని కథే నిర్మించింది, కథే తొలగించింది. సూపర్‌హీరోల దారికి అడ్డుపడినవాటిని కథ నిర్మించలేదు. అవి ఒప్పందపత్రాలు. ఎంతటి బలశాలికైనా వాటిని దాటడానికి సంతకమే శరణ్యమైంది.